నలభయ్యో బాతు

నవంబరు 26

రాయడం నాకు అలవాటు లేదు. మా ఆవిడ లోర్నా ఇంట్లో ఉంటే ఇదంతా ఆమెతోనే చెప్పుకునేవాణ్ణి. ఆమె పట్నంలో ఉంది, ఆసుపత్రిలో వాళ్ల నాన్న మంచం పక్కన. ఫోన్లో చెబుదామంటే నోరు పెగలడం లేదు. అందుకని మా అమ్మాయి విన్నీ వాడకుండా వదిలేసిన గుర్రం బొమ్మ నోటుపుస్తకం తీశాను.

మొన్న తెల్లారేసరికి పోటు ఊళ్లోకి వచ్చేసింది. ఊరి ముందున్న సముద్రపాయ నీళ్లు రోడ్డు మీద మోకాలి లోతు. ఇంటి నాలుగు మెట్లలో మూడు మునిగాయి, నాలుగోది మిగిలింది, దేవుడి దయ. షెడ్డు మాత్రం మునిగింది. షెడ్డులో మామగారి దీమపు బాతులున్నాయి. నలభై. ఆయన దేవదారు చెక్కి, రంగులేసి, నలభై ఏళ్లపాటు నీళ్ల మీద పరిచి అడవి బాతుల్ని కిందికి దింపిన చెక్క బాతులు. తలుపు తీసేసరికి పదిహేడు లోపల తేలుతున్నాయి. మావాడు ఒటిస్ చప్పట్లు కొట్టాడు. వాడికి ఆరేళ్లు, అవి వాటంతటవే ఈతకి బయల్దేరాయనుకున్నాడు. మిగతావి వెనక గోడ చెక్క ఊడిన చోటినుంచి రెల్లులోకి కొట్టుకుపోయాయి.

ఇంత పోటు వస్తుందని ఎవరనుకున్నారు? ఊళ్లో ఎవరూ అనుకోలేదు.

నవంబరు 27

లోర్నా ఫోన్ చేసింది. గొంతులో సంతోషం. తుంటి విరిగిన దగ్గర్నుంచి మంచం దిగనని మొండికేసిన మనిషి ఇవాళ నడిచాడట. "నీ బాతుల్ని గుర్తు చేసుకో నాన్నా, అడుగుకో బాతు అన్నాను. మూడు బాతులు నడిచాడు రాండెల్! ఆ నర్సు పిల్ల నన్ను కౌగిలించుకుంది."

తర్వాత ఫోను ఆయనకిచ్చింది. పడవలో తిరిగిన రోజుల నుంచీ ఆయన్ని కెప్టెన్ అనే పిలుస్తాను.

"ఏమోయ్, పోటు గట్టిగా వచ్చిందటగా. నా బాతులు పొడిగా ఉన్నాయా?"

"ఎండుగడ్డిలా ఉన్నాయి కెప్టెన్."

"అటక మీదే కదా?"

"అటక మీదే."

"నలభై అయ్యాక ఇంటికొస్తా. రేవు ముందు వాటిని పరిచి చూపించాలి నువ్వు. వేటకి కాదులే. ఊరికే, నీళ్ల మీద."

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే విన్నీ గుమ్మంలో నిలబడి ఉంది. పదకొండేళ్ల పిల్ల. వెళ్లి నేల మీద బాతుల్ని తుడుస్తూ కూర్చుంది.

నవంబరు 28

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు కాబట్టి రాస్తాను. ఆసుపత్రికి వెళ్లేముందు ఆయన మూడుసార్లు చెప్పాడు, నవంబరు పౌర్ణమి పోట్లకి ముందే బాతుల్ని షెడ్డు అటక మీదికి ఎక్కించమని. మూడుసార్లూ సరే అన్నాను. తర్వాత ఫోన్లో అడిగితే ఎక్కించానని కూడా అన్నాను. ఆరోజు ఆల్చిప్పలు పట్టే పని నుంచి వచ్చేసరికి వొళ్లు హూనమైపోయి ఉంది. అంతే.

నవంబరు 29

వొళ్లేమీ హూనం కాలేదు. రేడియోలో పోటు హెచ్చరిక నాలుగింటికే విన్నాను. అరగంట పని. ఆయన నన్ను జీతగాడిలా పురమాయిస్తాడని లోపల మంట. పన్నెండేళ్లుగా ఉన్న మంట. కుర్చీలో కూర్చుని ఫుట్‌బాల్ చూశాను.

డిసెంబరు 3

ఈ ఊరిని ఏమని పొగడాలో తెలియడం లేదు. పొద్దున్నుంచీ తలుపు కొడుతూనే ఉన్నారు. ఒకరి చేతిలో ఒక బాతు, ఒకరి చంకలో రెండు. పోస్టాఫీసు వెనక ఒకటి, చర్చి మెట్ల కింద నాలుగు, శ్మశానం కంచెకి తగులుకుని ఒకటి. అడుగున కాల్చి వేసిన 'ఏ.ఎం.' ముద్ర చూడగానే మామగారు ఆల్వా మెసిక్ సొత్తని అందరికీ తెలుసు. ఎవరూ అటక సంగతి అడగలేదు. ఆ మర్యాదకి కూడా రుణపడి ఉన్నాను.

కానీ బాతుల స్థితి చూస్తే ఏడుపొస్తుంది. మెడలు విరిగాయి, రంగు పెచ్చులు లేచింది, వెన్నుల మీద వేలు దూరేంత పగుళ్లు.

విన్నీ అంది: "మనం బాగుచేద్దాం నాన్నా. తాతయ్య వచ్చేలోపల."

డిసెంబరు 5

తాతయ్య తొమ్మిది. మేం రెండు.

విన్నీ ఫ్రిజ్ మీద పట్టిక అంటించింది. ఒకవైపు ఆయన నడిచిన బాతులు, ఇంకోవైపు మేం బాగుచేసినవి. ఆయనకంటే వెనకబడకూడదని దాని పట్టుదల. తలలు అతికించి చెక్క చీలలు దిగ్గొట్టడం నా పని. పగుళ్లలో లప్పం కూరి ఉప్పుకాగితంతో రుద్దడం విన్నీ పని. పేర్లు పెట్టడం ఒటిస్ పని. పేరు పెట్టకుండా రంగెయ్యనివ్వడు. పేర్లయ్యేదాకా బ్రష్షు పట్టుకుని ఎదురుచూడాలి. ఒక పెట్టకి వాళ్ల టీచరు పేరు పెట్టాడు. ఇంకో దానికి 'మంగళవారం'.

డిసెంబరు 10

అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప.

రానిది ఏదో చెప్పక్కర్లేదు. కోరా గారి బాతు. మా అత్తగారు చేసిన ఒకే ఒక్క బాతు. ఒక చలికాలం ఆయన చెయ్యి విరిగి చెక్కలేకపోతే ఆవిడ వంటింటి కత్తితో చెక్కింది. మెడ వెనక్కి తిప్పి వీపు మీద తల పెట్టుకుని నిద్రపోయే పెట్ట. తోక మందం, ఎడమవైపుకి ఒరిగి తేలేది. ఆయన ఎప్పుడూ దాన్నే చివర్న నీళ్లలో పెట్టేవాడు, నలభయ్యోదిగా. ఆవిడ పోయి ఎనిమిదేళ్లయింది. అడుగున ఉన్న సీసం బిళ్ల కాస్త జరిపి ఒరుగుడు సరిచెయ్యమని ఒకసారి నేనంటే ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తు.

ఇవాళ పడవ తీసుకుని రెల్లంతా వెతికాను. రేపూ వెళ్తాను.

డిసెంబరు 11

లేదు.

డిసెంబరు 12

లేదు.

డిసెంబరు 14

తాతయ్య పందొమ్మిది. మేం పన్నెండు, అనుకున్నాం.

పక్కింటి మిస్ నెట్టీ ఎనిమిది పొరల కేకు పట్టుకొచ్చింది. ఎనభై ఏళ్ల మనిషి, నేను గుడ్డలు లేకుండా తిరిగినప్పట్నుంచీ నన్నెరుగును. వంటింట్లో ఆరబెట్టిన పన్నెండు బాతుల్ని చూసి కేకు చేత్తో పట్టుకునే నిలబడిపోయింది.

"ఏరా రాండెల్, ఏం రంగేశావు వీటికి?"

"పడవకేసింది మిగిలితే అదే..."

"అద్దంలా మెరుస్తున్నాయి కదరా! ఆకాశంలో బాతులు నల్లకళ్లద్దాలు పెట్టుకుని రావాలా?"

పడవవాడి బుద్ధి. చేతికందిన డబ్బాలో పడవ రంగు ఉంటే ప్రపంచంలో ఇంకో రంగుందని తోచదు నాకు. దీమపు బాతుకి మెరుపు ఉండకూడదు, ఎండపడి తళుక్కుమంటే పైన పోయేవి బెదిరిపోతాయి. పిల్లాడికి కూడా తెలిసిన సంగతి.

"పిల్లాడికి కూడా తెలుసు," అంది మిస్ నెట్టీ.

"నాకు తెలీదు," అన్నాడు ఒటిస్, పాపం నా తరఫున.

విన్నీ పట్టికలో పన్నెండు కొట్టేసి సున్నా పెట్టింది. ముగ్గురం కూర్చుని మళ్లీ గీకడం మొదలుపెట్టాం. మిస్ నెట్టీ కేకు కోసిచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి తనూ కూర్చుంది. మొగుడి బాతులకి యాభై ఏళ్లు రంగులేసిన చెయ్యి. దీపపు మసి, మెరుపు లేని తెలుపు, ఎర్రమన్ను కలిపి మగబాతు తలకి రంగు ఎలా తెప్పించాలో విన్నీకి చూపించింది. వాళ్లిద్దరి తలలూ ఒక్కచోట వంగి ఉంటే చూశాను. నా జన్మలో ఇంత మంచి ఆదివారం లేదు. నిజంగా. దానికి కారణం నా బద్ధకం, అదొక్కటే బాధ.

డిసెంబరు 15

మిస్ నెట్టీ ఇంకోటి కూడా అంది, వెళ్తూ వెళ్తూ, గుమ్మంలో. "ఆల్వాకి చెప్పావా?" అని. నడక ఆగిపోతుందేమోనని చెప్పలేదన్నాను.

"నడక కోసమేనా?" అంది.

అవును, నడక కోసమే.

డిసెంబరు 21

తాతయ్య ఇరవైనాలుగు. మేం పదిహేను. ఇంట్లో కూర్చోవడానికి కుర్చీ లేదు, అన్నిటి మీదా బాతులే. ఆల్చిప్పల పులుసు, మొక్కజొన్న రొట్టె నిలబడి తిన్నాం. ఒటిస్ 'మంగళవారం' ముందు కూడా ఒక ముక్క పెట్టాడు.

ఫోన్లో ఆయన గొంతు బలంగా ఉంది. "పొడిగా ఉన్నాయా?" "పొడిగా ఉన్నాయి కెప్టెన్." ఇప్పుడైతే అది నిజమే కదా.

డిసెంబరు 25

లోర్నా ఒక్కరోజుకి వచ్చింది. ఇల్లంతా చూసి, బాతులు చూసి, నా మొహం చూసింది. అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. ఎర్రతల మగబాతుని ఒకదాన్ని ఎత్తుకుని చంటిపిల్లలా భుజానేసుకుంది.

"అమ్మది దొరకలేదా?"

"లేదు."

బాతుని దించి బల్ల మీద పెట్టింది. తర్వాత, "నాన్నకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి," అంది.

దేవుడు ఇలాంటి భార్యనిచ్చాక పండగపూట ఇంకేం కోరుకోను. చెప్తాను. ఆయన ఇంటికి వచ్చాక, కాస్త తేరుకున్నాక.

జనవరి 3

తాతయ్య ముప్ఫై ఒకటి. మేం ఇరవై ఎనిమిది.

ఒక ఆలోచన వచ్చింది. ఆయన కళ్లు మసకలు. మనుషుల్నే ఆకారం బట్టి పోల్చుకుంటాడు.

జనవరి 5

పాత దేవదారు స్తంభం ముక్క దొరికింది. చెక్కుతున్నాను. మోసం అని కాదు. ఖాళీ చోటు ఉంచడం ఎందుకని.

జనవరి 7

సరిగ్గా తేలే బాతు చెయ్యడం ఎవడైనా చేస్తాడు. వంకరగా, అదీ అంతే వంకరగా తేలేది చెయ్యడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది. తొట్టిలో నీళ్లు పోసి ఇరవైసార్లు దించాం. కుడికి ఒరుగుతుంది, ముక్కు ముంచుతుంది, తోక ఎత్తుతుంది. సీసం బిళ్ల జరపగా జరపగా చివరికి ఎడమకి ఒరిగింది, అచ్చం ఆవిడ బాతులాగే. ఒటిస్ "అమ్మమ్మ నిద్రపోయింది!" అని గంతులేశాడు. కాఫీ మడ్డితో, బూడిదతో రుద్ది పాతదాన్ని చేశాం.

విన్నీ గంతులెయ్యలేదు.

"నాన్నా, ఇది అబద్ధం కదా?"

"అబద్ధం కాదమ్మా. తాతయ్య బాధపడకుండా."

"అయితే తాతయ్యకి చెప్పి చేద్దాం."

"ఇంటికి రానీ ముందు."

ఆయన ముద్ర ఇనుము పొయ్యిలో ఎర్రగా కాల్చి అడుగున 'ఏ.ఎం.' వేశాను. ఈ తీరంలో ఒకడి పడవ ఇంకొకడు అడక్కుండా తీసుకెళ్లొచ్చు, ఏమీ అనుకోరు. ఒకడి ముద్ర ఇనుము ఇంకొకడు ముట్టుకోడు. నేను ముట్టుకున్నాను. పొగ కళ్లలోకి వచ్చింది. విన్నీ లేచి బయటికి వెళ్లిపోయింది.

జనవరి 10

తాతయ్య ముప్ఫై ఎనిమిది. మేం నలభై.

నెగ్గాం. పట్టిక కింద ఒటిస్ జెండా బొమ్మ వేశాడు.

జనవరి 16

వచ్చాడు. కారు దిగి, కర్ర పట్టుకుని, సాయం వద్దని, మెట్లు నాలుగూ తనే ఎక్కాడు. మూడు నెలల తర్వాత వంటింట్లో ఆయన కుర్చీలో ఆయన. లోర్నా పొయ్యి దగ్గర. పిల్లలు కాళ్ల చుట్టూ. ఇల్లు మళ్లీ ఇల్లయింది. దేవుడా, ఎంత సంతోషంగా ఉందో రాయలేను.

"తీసుకురండి, చూస్తా," అన్నాడు. చూడటం అంటే ఆయనకి చేతులతోనే.

ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాం. ఒటిస్ పక్కన నిలబడి పరిచయాలు చేశాడు. "ఇది మా టీచరు. ఇది మంగళవారం. ఇది కోపంగా ఉంటుంది, ముక్కు ముట్టుకోకు." ఆయన బొటనవేలు తల మీద, మెడ మీద, వెన్ను మీద మెల్లగా పోయింది. ఒక్కోదాన్నీ వాసన కూడా చూశాడు.

చివర్న నిద్రపోయే పెట్ట. దాన్ని చాలాసేపు పట్టుకున్నాడు. తోక తడిమాడు. తిప్పి అడుగున ముద్ర మీద వేలుపెట్టాడు, ముద్ర దాటి ఇంకా కిందికి. అక్కడే ఆగింది వేలు.

"ఇంకా ఎడమకే ఒరుగుతోందా?"

"ఒరుగుతుంది తాతయ్యా!" అన్నాడు ఒటిస్. "మేం చూశాం!"

"సరే," అని పక్కన పెట్టి కాఫీ అడిగాడు.

గట్టెక్కాను. గట్టెక్కినట్టు లేదు.

జనవరి 18

పొద్దున కాఫీ దగ్గర: "ఏమోయ్, ఏమిటి విశేషాలు?"

"ఏమున్నాయి కెప్టెన్. గాలి ఉత్తరానికి తిరిగింది."

"అంతేనా?"

"అంతే."

నిన్న కూడా ఇలాగే అడిగాడు. ముసలితనం, అడిగిందే అడుగుతాడు.

జనవరి 19

మళ్లీ అడిగాడు. పెనం మీద గుడ్లు మాడాయన్నాను, విశేషం కింద. లోర్నా నావైపు చూడలేదు.

జనవరి 20

రాస్తాను. జరిగింది జరిగినట్టు.

గాలి లేదు, ఎండ. "ఇవాళ పరుద్దాం," అన్నాడు. నేనూ పిల్లలూ చిన్న పడవలో వెళ్లి రేవు ముందు బాతుల్ని ఒక్కొక్కటే నీళ్లలో పెట్టాం. ఆయన వంటింటి గుమ్మం నుంచి రేవు చివరిదాకా నడిచాడు. అడుగుకో బాతు. ఒటిస్ నీళ్లలో పెడుతూ పేరు అరుస్తాడు, ఆయన అడుగేస్తాడు. "మంగళవారం!" అడుగు. "కోపం!" అడుగు. మిస్ నెట్టీ తన వసారాలోంచి చప్పట్లు. ముప్ఫై తొమ్మిది అడుగులకి రేవు చివర బల్ల దగ్గరికి చేరాడు. ఇంకొక్క అడుగు.

నిద్రపోయే పెట్ట నా చేతిలో ఉంది. ఆయన కర్ర మీద ఆనుకుని, ఒక కాలు కాస్త ఎత్తి, ఎదురుచూస్తున్నాడు. ఆ మనిషి నలభయ్యో అడుగు ఒక దొంగ బాతు మీద వెయ్యబోతున్నాడు. రెండు నెలలుగా ఆ అడుగు కోసమే నడిచాడు.

నీళ్లలో పెట్టలేకపోయాను.

"కెప్టెన్," అన్నాను. "ఇది కోరా గారిది కాదు. నేను చేసింది. ఆవిడది పోటుకి పోయింది. నేను అటక మీద పెట్టలేదు. పెట్టానని అబద్ధం చెప్పాను. రేడియోలో విన్నాను, అయినా లేవలేదు. మీ ముద్ర మీ ఇనుముతో నేనే వేశాను."

ఎత్తిన కాలు దించాడు. అక్కడే దించాడు, ముందుకి కాదు.

"నాలుగు రోజులు పట్టింది," అన్నాడు. "రెండు చాలనుకున్నా."

నాకు అర్థం కాలేదు.

"అడుగున చూడు. ముద్ర కింద."

తిప్పాను. సీసం బిళ్ల పక్కన, మేకుతో గీసిన చిన్న చిన్న అక్షరాలు. నేను బూడిద రుద్దిన చోట, ఆ బూడిద కిందే. 'ఇది కొత్తది. అమ్మమ్మది పోటుకి పోయింది. నాన్న చేశాడు. నాన్నే చెప్తాడు.'

విన్నీ పడవ అంచు పట్టుకుని నీళ్లలోకి చూస్తోంది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"పిల్లని ఏమీ అనకు," అన్నాడు. "అది రాయకపోయినా తెలిసేది. ముప్ఫై తొమ్మిదింటికీ కొత్త లప్పం వాసన. నీ చీలలు మరీ లావు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అటక మీదన్నావు చూడు, దానికి కోపం ఉంది నాకు. ఇనుము ముట్టుకున్నందుకు ఇంకా ఉంది. కొన్నాళ్లు ఉంటుంది. ఉండనీ."

"ఉండనీండి," అన్నాను. నిజంగానే ఆ కోపం నాకు తేలిగ్గా అనిపించింది. పడవలో పిల్లల ముందు ఏడ్చాను. ఒటిస్ తన టోపీ ఇచ్చాడు తుడుచుకోమని.

ఆయన నీళ్లవైపు చూస్తున్నాడు, ఆ కళ్లకి ఏం కనిపిస్తుందో. "కోరా ఆ పెట్టని చూసి ఎప్పుడూ నవ్వేది. 'నన్ను వదిలి ఎటైనా పోవాలని ఒరుగుతోందయ్యా అది, గట్టిగా కట్టు' అనేది. నలభై ఏళ్లు కట్టే ఉంచా." కర్ర మీద ముందుకి వంగాడు. "నీది ఎలా తేలుతుందో చూపించు."

నీళ్లలో పెట్టాను. ఎడమకి ఒరిగింది.

"ఒరిగిందా?"

"ఒరిగింది తాతయ్యా," అంది విన్నీ.

అప్పుడు అడుగేశాడు.

జనవరి 21

పొద్దున కాఫీ దగ్గర విశేషాలు అడగలేదు. ముద్ర ఇనుము గుడ్డలో చుట్టి నా పళ్లెం పక్కన పెట్టాడు. "నాకు ఎక్కడ నొక్కుతున్నానో కనబడదు. నీ దగ్గర ఉంచు. వేసేముందు అడుగు," అన్నాడు. సరే కెప్టెన్ అన్నాను. "కెప్టెనేమిటి, పన్నెండేళ్లు పడవలో కలిసి తిరిగాం, ఆల్వా అను," అన్నాడు. నోరు తిరగలేదు. రేపు ప్రయత్నిస్తాను.

విన్నీకి థాంక్స్ చెప్పాను. ఎందుకని అడిగింది. నేను చెప్తానని నువ్వు రాసినందుకు అన్నాను. భుజాలెగరేసి స్కూలుకి పరిగెత్తింది.

సాయంత్రం రేడియోలో పోటు హెచ్చరిక లేదు. అయినా నలభై బాతుల్నీ తుడిచి, తాళ్లు చుట్టి, అటక మీద పెట్టాను. పెట్టానని రాశాక మళ్లీ లేచి, షెడ్డుకి వెళ్లి, నిచ్చెనెక్కి చూసొచ్చాను. అటక మీదే ఉన్నాయి.